సోఫాకు ఏ గుడ్డ? జంపఖానా నుంచి రెక్సిన్ దాకా, ఓరుగల్లు ఇళ్ల కోసం ఒక పోలిక

సోఫాకు గుడ్డ ఎంచుకునే ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోండి: ఆ గుడ్డ జిప్పు తీసి ఉతికేదా, స్టేపుల్ పిన్నులు కొట్టి బిగించేసేదా? రంగు, డిజైను, ధర అన్నీ దాని తర్వాతే. క్యాటలాగ్ తిరగేస్తున్నప్పుడు ఈ సంగతి ఎవరూ గుర్తు చేయరు. ఏసీ షాపులో, తెల్లటి లైట్ల కింద ప్రతి గుడ్డా బాగానే కనిపిస్తుంది. అదే గుడ్డ మే నెలలో 43, 44 డిగ్రీల ఎండకు కాగిన హాల్లో ఎట్లా ఉంటుంది, రోడ్డు మీది దుమ్ము రోజూ పడితే ఏమవుతుంది, ముసురు పట్టిన వారం రోజుల్లో వాసన వస్తుందా రాదా అన్నదే మన వైపు ఇళ్లకు అసలు పరీక్ష.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఒంటికి తగిలే చోట, విప్పి ఉతకగలిగే చోట మగ్గం మీద నేసిన కాటన్ వేయండి. విప్పడానికి వీల్లేని చేతులు, వీపు వెనక భాగం, కింది చట్రం మిల్లులో నేసిన గట్టి గుడ్డకు వదిలేయండి. సోఫా మొత్తం ఒకే గుడ్డతో ఉండాలని పట్టుబట్టడం వల్లే ఇబ్బంది మొదలవుతుంది. ఒక్క గుడ్డ రెండు పనులూ బాగా చేయడం చాలా అరుదు. ఎందుకో తెలియాలంటే ఏ గుడ్డ ఏ అవసరానికి పుట్టిందో కొంచెం చూడాలి.

ఏ గుడ్డ ఎందుకు పుట్టింది

మన ఇళ్లలో కూర్చునే చోటు ఎప్పుడూ విప్పదీయగలిగేదిగానే ఉండేది. నులక మంచం వదులైతే బిగిస్తాం. నవారు మురికి పడితే విప్పి ఉతికి మళ్లీ అల్లుతాం. పెళ్లికో పంచాయితీకో జంపఖానా పరుస్తాం, పని అయ్యాక దులిపి చుట్టి అటక మీద పెడతాం. బూరుగు దూది దిండ్లకు, బాలీసులకు గలీబులు ఉంటాయి. ఎండ, దుమ్ము, చెమట ఉన్న ఊళ్లలో ఇంతకంటే తెలివైన పద్ధతి లేదు. పొట్టలో స్ప్రింగులు పెట్టి పైన గుడ్డను మేకులతో శాశ్వతంగా బిగించే సోఫా 19వ శతాబ్దపు యూరప్‌లో స్థిరపడిన సరుకు. అది చలి దేశాల హాళ్ల కోసం తయారైంది. దాన్ని మనం అలాగే తెచ్చుకుని, దానితో పాటు అక్కడి గుడ్డలనూ తెచ్చుకున్నాం.

అట్లని ఇక్కడి గుడ్డ అక్కడి కుర్చీలెక్కలేదని కాదు. కోరమాండల్ తీరం నుంచి, అందులోనూ మచిలీపట్నం నుంచి వెళ్లిన అద్దకపు కాటన్ గుడ్డలు యూరప్ ఇళ్లలో మంచాల తెరలుగా, కుర్చీల తొడుగులుగా ఎంతగా పాకిపోయాయంటే, తమ నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని ఇంగ్లండ్ పార్లమెంటు 1721లో చట్టమే చేసింది. అద్దకం వేసిన కాలికో గుడ్డను ఒంటి మీదే కాదు, ఇంటి సామాను మీదా వాడకూడదని నిషేధించింది. 1774లో గానీ ఆ నిషేధం సడలలేదు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే, కాకతీయుల రేవు మోటుపల్లి వైపు వచ్చిన మార్కో పోలో ఇక్కడి సన్నబట్టను సాలెగూడుతో పోల్చి రాశాడు. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఆ రేవులోనే ఉంది. పత్తి నేత విషయంలో తెలుగు నేల ఎవరి దగ్గరా నేర్చుకునే స్థితిలో లేదు.

వరంగల్‌కు వస్తే తివాచీ, జంపఖానా అని రెండు దారులు ఉన్నాయి. తివాచీ అంటే పడుగు (నిలువు) దారాలకు ఒక్కొక్క ముడి వేసి కుచ్చులు తేల్చే నేత. పర్షియా పద్ధతి మన దక్కనులో స్థిరపడి ఎదిగిన పని అది. 1851 లండన్ ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీలు ఉన్నాయి. జంపఖానాకు ముడి, కుచ్చు ఉండవు. గట్టి కాటన్ పడుగు మీద లావు పేక (అడ్డం) దారాన్ని అణగ్గొట్టి, పడుగు కనబడకుండా కప్పేస్తూ నేస్తారు. కొత్తవాడలో ఇప్పటికీ గుంత మగ్గాల మీదా, ఫ్రేమ్ మగ్గాల మీదా ఆ పని నడుస్తోంది. 2018లో వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మిల్లు గుడ్డ కూడా మనకు కొత్త కాదు. నిజాం కాలంలో, 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు మొదలైంది. అది మూతపడ్డా, ఆ మిల్లు కూత పేరు చెప్పుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. సిరిసిల్లలో మరమగ్గాలు పెరిగి పాలిస్టర్ నేత ఆ ఊరికి ఊపిరి అయింది. పాలిస్టర్ వయసేమో చాలా తక్కువ: ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1941లో ఆ దారం తయారు చేశారు. ఈ రోజు సోఫా క్యాటలాగ్‌లో పదింటికి ఎనిమిది గుడ్డలు దాని పిల్లలే అన్నా తప్పు కాదు.

జంపఖానా

ఇది నాకు ఎక్కువ ఇష్టమైన గుడ్డ కాబట్టి ఎక్కువే చెబుతాను. కింద పరవడానికి, అంటే వందల పాదాలు తొక్కడానికి పుట్టిన నేత ఇది. రాపిడికి దీన్ని మించింది కాటన్‌లో దొరకడం కష్టం. పేక దారం అంత దట్టంగా ఉంటుంది కాబట్టి ఒక పోగు అరిగినా కింద ఇంకో పోగు ఉంటుంది. రెండు వైపులా ఒకే డిజైను, కనుక ఒక వైపు వెలిస్తే తిప్పి వేసుకోవచ్చు. మంచి దాంట్లో రంగు మారే చోట రెండు పేక దారాలను ఒకదానిలో ఒకటి లంకె వేసి నేస్తారు, అందువల్ల అంచుల దగ్గర చీలిక రాదు. కొన్నిట్లో పేక దారాన్ని ముందే ముడులు కట్టి రంగులద్ది, ఇక్కత్ మాదిరి డిజైను తెస్తారు.

దివాన్ మీద, ఉయ్యాల బల్ల మీద, వరండా బెంచీ మీద, చెక్క సోఫా సీటు మీద వదులుగా పరవడానికి జంపఖానా అంత హాయైనది ఇంకోటి లేదు. కాటన్ తన బరువులో దాదాపు 8 శాతం దాకా గాలిలోని తేమను పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు వీపు చెప్పే తేడా ఇదే.

కానీ దీన్ని సోఫా ఒంటికి బిగించమని మేస్త్రీకి ఇవ్వకండి. గుండ్రటి చేతుల మీద లావు గుడ్డ మడత తిరగదు, పైపింగ్ దగ్గర మిషన్ సూది విరుగుతుంది, మూలల్లో గడ్డలు కడుతుంది. చతురస్రంగా ఉండే దిండు కవరు, దళసరి తక్కువగా ఉన్న రకంతో అయితే బాగా వస్తుంది. ఇంట్లో చిన్న వాషింగ్ మెషిన్ ఉంటే పెద్ద జంపఖానా అందులో తిరగదు. తడిస్తే చాలా బరువు, ఆరడానికి మంచి ఎండ కావాలి. కార్తీక మాసం తర్వాత ఉతుక్కోవడం సుఖం.

కొనేటప్పుడు తిప్పి చూడండి. నేతలో వచ్చిన డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు వేసింది వెనక పాలిపోయి ఉంటుంది. అచ్చుదీ వాడుకోవచ్చు, కానీ నేత డిజైనుకు ఇచ్చే ధర దానికి ఇవ్వకండి. చేనేతకు 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది, ఆ లేబుల్ అడగండి. ఊళ్లో ఉన్నవాళ్లు కొత్తవాడకే వెళ్లి కొనడం ఇంకా మంచిది: కావలసిన కొలత, రంగు చెప్పి నేయించుకోవచ్చు, డబ్బు నేసిన చేతికి దగ్గరగా చేరుతుంది.

దివాన్ మీదకే కాస్త మెత్తగా కావాలంటే సోలాపూర్ చాదర్ చూడండి. జకార్డ్ అనే డిజైన్ల మగ్గం మీద నేసిన కాటన్ దుప్పటి అది. సోలాపూర్ మగ్గాల వెనక తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీల చేయి చాలా ఉంది కాబట్టి, అదీ మన సరుకే అనిపిస్తుంది నాకు. రాపిడికి మాత్రం జంపఖానా ముందు నిలవదు.

ఇక్కత్ కాటన్, సాదా చేనేత కాటన్

హైదరాబాద్ దారిలో పోచంపల్లి, కొయ్యలగూడెం వైపు నేసే ఇక్కత్ కాటన్ దుప్పట్లకే కాదు, కర్టెన్లకు, కుషన్లకు కూడా దొరుకుతుంది. దారానికే ముందుగా రంగులు అద్ది తర్వాత నేస్తారు. అందుకే రంగు గుడ్డ లోపలి దాకా ఉంటుంది, డిజైను అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. ఆ చెదరడమే అందం.

దిండు కవర్లకు, చెక్క సోఫాల మీది విడి కుషన్లకు ఇది నా మొదటి ఎంపిక. రోజూ నలుగురు కూర్చునే సీటుకైతే పల్చటి ఇక్కత్ ఆగదు. వేయాలనే అనుకుంటే లోపల గట్టి తెల్ల కాటన్ గుడ్డ జతచేసి కుట్టించండి, లాగుడు దాని మీద పడుతుంది. చేనేత పన్నా, అంటే గుడ్డ వెడల్పు, తరచుగా మిల్లు గుడ్డ పన్నా కంటే తక్కువ. సోఫా గుడ్డలు మామూలుగా 54 అంగుళాల పన్నాతో వస్తాయి. చేనేతలో అంత రాకపోతే మీటర్లు ఎక్కువ పడతాయి, వీపు మధ్యలో అతుకు వస్తుంది. షాపులో మీటరు లెక్కే చూసి పోల్చుకుంటే మోసపోతాం, పన్నా కూడా అడగాలి.

కాటన్‌కు రెండు జబ్బులున్నాయి. మొదటిది కుంచించుకుపోవడం. కుట్టించే ముందు గుడ్డను చల్లటి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు మేస్త్రీకి ఇవ్వండి. లేకపోతే మొదటి ఉతుకుకే కవరు దిండుకు ఎక్కదు. రెండోది రంగు. పడమటి కిటికీ పక్కన పెట్టిన సోఫాకు ముదురు ఎరుపు, నీలం కాటన్ వేస్తే ఎండ తగిలే వైపు వెలిసిపోతుంది. వ్యాట్ రంగులు (ఎండకు, ఉతుకుకు త్వరగా వెలవనివి) వేసింది అడిగి తీసుకుంటే చాలా కాలం ఆగుతుంది. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇళ్లలో అంటుంటారు. సరిగ్గా పట్టని రంగును ఉప్పు ఆపలేదు. తెల్ల రుమాలు తడిపి గుడ్డ మీద గట్టిగా రుద్ది చూడటం అంతకంటే నమ్మదగిన పని.

మిల్లు జకార్డ్

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో మగ్గానికి చిల్లుల అట్టలు తగిలించాడు. అంతకు ముందు పువ్వుల నేతలో నేతగాడి పక్కన ఇంకొకరు నిలబడి పడుగు దారాలను తాళ్లతో ఎత్తుతూ ఉండాల్సి వచ్చేది. ఆ పని అట్టలకు అప్పగించేసరికి ఒక్క మనిషి ఎంత చిక్కని డిజైనైనా నేయగలిగాడు. ఇప్పుడు సోఫాలకు వచ్చే పువ్వుల గుడ్డ, గళ్ల గుడ్డ ఎక్కువగా ఆ సంతానమే, దారం పాలిస్టర్ లేదా పాలిస్టర్ కలిపిన కాటన్.

సోఫా ఒంటికి ఇదే సరైనది అంటాను. సాగదు, ముడతపడదు, మూలల్లో చక్కగా తిరుగుతుంది, ఎండకు కాటన్ అంత త్వరగా వెలవదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. డిజైను మెరవడానికి కొన్ని దారాలు కిందికి దిగకుండా ఐదారు దారాల మీదుగా పైపైనే పోతాయి. ఆ పైపై దారం ఎంత పొడుగుంటే గుడ్డ అంత మెరుస్తుంది, గాజులకు, పిల్లి గోళ్లకు, పిల్లల బొమ్మల కొసలకు అంత త్వరగా తగులుకుంటుంది. వేలి గోటితో అడ్డంగా గీరి చూడండి, దారం లేస్తే ఆ రకం వద్దు. చిన్న డిజైను, మెరుపు తక్కువ, నేత బిగువు: ఇవి చూసుకుంటే చాలు. పెద్ద పువ్వుల డిజైను తీసుకుంటే పువ్వు పువ్వుకు కలపడానికి గుడ్డ చాలా వృథా అవుతుందని కూడా గుర్తుంచుకోండి.

మంచి షాపుల్లో మార్టిన్‌డేల్ సంఖ్య చెబుతారు. ఉన్ని గుడ్డతో నమూనాను ఒత్తి తిప్పుతూ రుద్ది, దారాలు తెగే దాకా ఎన్ని రాపిళ్లు ఆగిందో లెక్కపెట్టే పరీక్ష అది. ఇంట్లో రోజూ వాడే సోఫాకు 20,000 నుంచి పైన ఉంటే నిశ్చింతగా కొనవచ్చు. ఎప్పుడో వచ్చే చుట్టాలకు మాత్రమే తీసే గదికి 15,000 చాలు. అయితే ఈ సంఖ్య రాపిడి గురించే చెబుతుంది. చెమట, నూనె తల, ఎండ గురించి చెప్పదు.

వెల్వెట్, షెనీల్

వెల్వెట్ అందంగా ఉంటుంది, కాదనలేను. రెండు పొరల గుడ్డను ఒకదాని మీద ఒకటి నేసి, మధ్యలో కలిపే దారాలను కత్తితో కోస్తే రెండు వెల్వెట్‌లు వస్తాయి. ఆ కోసిన కొసలే మెత్తదనం, ఆ కొసల మధ్యే దుమ్ము కూర్చుంటుంది. వాక్యూమ్ క్లీనర్ వాడే అలవాటు లేని ఇంట్లో, మట్టిరోడ్డు పక్కన ఇంట్లో దీని జోలికి వెళ్లొద్దు. ఏసీ ఉన్న పడకగదిలో ఒక కుర్చీకి వేసుకోండి, పాలిస్టర్ వెల్వెట్ తీసుకోండి: కాటన్ వెల్వెట్ కూర్చున్న చోట అణిగిపోయి లేవదు. అన్ని ముక్కలూ ఒకే దిక్కుకు పడేలా కోయమని మేస్త్రీకి తప్పకుండా చెప్పండి, లేకపోతే ఒకే గుడ్డ రెండు రంగులుగా కనిపిస్తుంది.

నూగు ఉన్న దారంతో నేసే షెనీల్ చేతికి ఇంకా మెత్తన. సీటు అంచున నూగు రాలి బోడి అవుతుంది. నేను సిఫారసు చేయను.

రెక్సిన్, లెదరెట్

చాలామంది పిల్లలున్న ఇంటికి రెక్సినే కరెక్ట్ అనుకుంటారు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది కదా అని. ఆ మాట నిజమే. భోజనాల బల్ల కుర్చీలకు, క్లినిక్ వెయిటింగ్ బెంచీకి, దుకాణంలో స్టూలుకు ఇది చక్కగా పనికొస్తుంది. రోజూ గంటలు కూర్చునే, పడుకునే సోఫాకు మాత్రం మన ఎండల్లో వద్దు. గాలి ఆడదు, వీపుకు అతుక్కుంటుంది. పీవీసీ అనే ప్లాస్టిక్ పూత ఉన్న రకంలో మెత్తదనం కోసం కలిపిన నూనె లాంటి పదార్థం వేడికి మెల్లగా బయటికి పోయి, గుడ్డ బిరుసెక్కి పగుళ్లిస్తుంది. పీయూ (పాలీయురేథేన్) పూత రకం చేతికి తోలులా ఉంటుంది, కానీ వేడీ తేమా కలిస్తే ఆ పూత రసాయనికంగా విరిగి పొలుసులుగా ఊడుతుంది. తల ఆనించే చోట, చేతులు పెట్టే చోట ముందుగా ఊడటానికి నూనె, చెమట కూడా కారణం. ఒకసారి పొలుసు లేచిందంటే రిపేరు లేదు, మొత్తం మార్చాల్సిందే.

ఇప్పటికే రెక్సిన్ సోఫా ఉన్నవాళ్లు తల ఆనే చోట ఉతికే కాటన్ గుడ్డ వేయండి, సీటు మీద పల్చటి జంపఖానా పరవండి. సోఫా ఆయుష్షు పెరుగుతుంది, కూర్చునేవాళ్లకూ హాయి.

లినెన్ పేరుతో షాపుల్లో చూపించేది ఎక్కువగా లినెన్ మాదిరి కనిపించే పాలిస్టర్. అది చెడ్డ గుడ్డేమీ కాదు, లినెన్ ధర ఇవ్వకపోతే చాలు. ఒక దారం లాగి కాల్చి చూస్తే తెలిసిపోతుంది: కాటన్, లినెన్ కాగితం కాలిన వాసనతో బూడిద అవుతాయి, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. జనపనార చూడటానికి బాగుంటుంది, ఒంటికి గరగరలాడుతుంది, ఎండకు గోధుమ రంగుకు తిరుగుతుంది. గోడ మీద అలంకారానికి సరే.

ఎవరికి ఏది

ముసలివాళ్లు పగలంతా హాల్లోనే కూర్చునే ఇల్లయితే చెక్క సోఫా, విడి కుషన్లు, వాటికి జిప్పు ఉన్న కాటన్ కవర్లు రెండు జతలు. ఒక జత ఉతుకులో ఉన్నప్పుడు ఇంకో జత. పైన జంపఖానా. దీనికి మించిన ఏర్పాటు మన వాతావరణానికి నాకు తెలియదు.

చిన్న పిల్లలున్న ఫ్లాట్‌లో, సోఫా ఇప్పటికే స్ప్రింగు, ఫోమ్ రకం అయితే ఒంటికి బూడిద, ఇటుక రంగుల్లో బిగువైన మిల్లు జకార్డ్, సీటు దిండ్లకు అదే గుడ్డతో జిప్పు కవర్లు, వీపు దిండ్లకు ఇక్కత్. మరక పడితే దిండు కవరే విప్పుతారు. అద్దె ఇంట్లో ఉండి తరచూ మారేవాళ్లు ఖరీదైన గుడ్డ బిగించుకోకుండా దివాన్‌తో, నాలుగు బాలీసులతో సరిపెట్టుకుంటే సామాను లారీలో చిరగదు.

డబ్బు గురించి ఒక్క మాట. మేస్త్రీ కూలీ, ఫోమ్, జిప్పులు, పిన్నులు ఏ గుడ్డకైనా దాదాపు ఒకటే. మీటరుకు వంద రూపాయలు మిగిలిందని నాసిరకం గుడ్డ వేయిస్తే, అది త్వరగా పోయినప్పుడు కూలీ మొత్తం మళ్లీ కట్టాలి. గుడ్డ మీద ఆదా చేయాలనుకుంటే సోఫా వెనక భాగానికి, గోడ వైపు కనిపించని చోటుకు చవక గుడ్డ వేయించండి. ముగ్గురు కూర్చునే సోఫాకు 54 అంగుళాల పన్నాతో సాదా గుడ్డ అయితే 10 నుంచి 12 మీటర్లు పట్టవచ్చు. కొనే ముందే కుషన్ వర్క్స్ మేస్త్రీని ఇంటికి పిలిచి కొలతలు తీయించి, పన్నా చెప్పి మీటర్లు రాయించుకోండి. అదే థాన్‌లోంచి (అంటే అదే గుడ్డ చుట్టలోంచి) ఇంకో మీటరు ఎక్కువ కొని దాచండి. తర్వాత వచ్చే థాన్‌లో రంగు సరిగ్గా కలవదు, ఒక్క సీటు చిరిగినప్పుడు ఆ మీటరే పనికొస్తుంది.